నేత, అతుకు, రంగు: ఒక వస్త్ర విద్యార్థినిని తరచుగా అడిగే ప్రశ్నలు

నేను వస్త్ర రూపకల్పన చివరి సంవత్సరం చదువుతున్నాను. చదువు ముగింపులో భాగంగా, చిరిగినప్పుడు ఇంట్లోనే బాగుచేసుకోవడానికి వీలైన నూలు తువ్వాళ్లను, ఉత్తరీయాలను నేస్తున్నాను. జూనియర్లు, బంధువులు, చిరిగిన చీర చేత పట్టుకొని వచ్చే ఇరుగుపొరుగువారు నన్ను పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను.

నేత, అతుకు, రంగు అనే మూడు విషయాలను ఒకే పనిలో ఎందుకు కలిపారు?

మగ్గం దగ్గర కూర్చుంటే అవి మూడు కావని తెలుస్తుంది. ఒక పడుగు (మగ్గం మీద బిగించిన నిలువు పోగులు) నేసి ముగించాక నేతకారులు అచ్చులోని, అంటే ఆ పోగులు దూరి వచ్చే దువ్వెనలాంటి పనిముట్టులోని పోగులను పూర్తిగా లాగివేయరు. కొంత పొడవు అలాగే వదిలి, కొత్త పడుగులోని ఒక్కొక్క పోగును పాత పడుగులోని ఒక్కొక్క పోగుకు వేళ్లతో పేని కలుపుతారు. దీనినే అచ్చు అతకడం అంటారు. ఒక చీరకు నాలుగు వేల పైచిలుకు పోగులు ఉంటే అన్ని వేల అతుకులు పడతాయి, చాలా ఇళ్లలో ఈ పని ఆడవాళ్ల చేతుల మీదుగానే జరుగుతుంది. మన మాటల్లో ‘అతుకుల బొంత’ అనేది నింద, ‘అతుకుల బతుకు’ అనేది జాలి. మగ్గం మీద మాత్రం అతుకు లేకపోతే రెండో చీర మొదలు కాదు. చిరుగును బాగుచేయడమంటే, ఆగిపోయిన నేతను మళ్లీ కొనసాగించడమే అని నాకు అర్థమైంది అక్కడే. రంగు సంగతి కూడా అంతే. ఏ నూలుకు ఏ రంగు, ఎలా పట్టిందో తెలియకపోతే అతుకు వేయడానికి తగిన దారం ఎంచుకోలేం.

నేత నేర్చుకోవడానికి మగ్గం కొనాలా?

అవసరం లేదు. ఒక చెక్క చట్రానికి ఎదురెదురుగా మేకులు కొట్టి, వాటి మధ్య నిలువు పోగులు బిగించి, పెద్ద సూదితో అడ్డపోగును ఒకటి పైకి, ఒకటి కిందికి దూర్చుకుంటూ పోతే పడుగు, పేకల సంబంధం రెండు రోజుల్లో వంటబడుతుంది. మొదటి ఏడాది మేము చేసింది ఇదే. అంచులు లోపలికి ముడుచుకుపోవడం, పేక ఒకచోట బిగిసి మరోచోట వదులవడం వంటి తప్పులన్నీ ఈ చిన్న చట్రం మీదే చేసేయడం మంచిది, ఎందుకంటే అక్కడ పాడయ్యేది గుప్పెడు నూలు మాత్రమే.

ఆ తరువాత గుంట మగ్గం నేసే ఇంటికి వెళ్లి కొన్నాళ్లు కూర్చుని చూడండి. గుంట ఎందుకు తవ్వుతారని చాలామంది అడుగుతారు. కాళ్లతో తొక్కే చెక్కలు అందులో ఉంటాయి, నేతకారుడు నేలమట్టంలో కూర్చుంటాడు, మట్టినేల చెమ్మ పడుగును పొడిబారనివ్వదు కనుక నూలు పోగులు తక్కువగా తెగుతాయి. ఎండాకాలం మధ్యాహ్నం పోగులు ఎన్నిసార్లు తెగుతాయో ఒక్కసారి చూస్తే ఆ చెమ్మ విలువ తెలుస్తుంది.

ఎంత నూలు కొనాలో ఎలా లెక్క వేయాలి?

నూలు నంబరు అర్థమైతే లెక్క సులువు. 840 గజాల పొడవున్న చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని కలిస్తే ఒక పౌను బరువు తూగుతాయో అదే నూలు నంబరు. అందువల్లనే నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. మీటర్లు, గ్రాముల్లోకి మార్చుకుంటే, 1 నంబరు నూలు గ్రాముకు సుమారు 1.69 మీటర్లు వస్తుంది. నంబరును దానితో గుణిస్తే గ్రాముకు ఎన్ని మీటర్లో తెలుస్తుంది. రెండు పోగులు కలిపి పేనిన 20 నంబరు నూలును లెక్కలో 10 నంబరుగా తీసుకోవాలి, అంటే గ్రాముకు దాదాపు 16.9 మీటర్లు.

ఉదాహరణకు, ఈ నూలుతో 30 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల పొడవు గల మూడు తువ్వాళ్లు నేయాలనుకుందాం. అంగుళానికి 32 పోగుల చొప్పున పడుగులో 960 పోగులు కావాలి. నేతలో కుదించుకుపోయేది, ఉతికితే తగ్గేది, మగ్గానికి కట్టడంలో మిగిలిపోయేది కలుపుకొని పడుగు పొడవు 6 మీటర్లు అనుకుంటే 5760 మీటర్ల నూలు, అంటే సుమారు 340 గ్రాములు పడుతుంది. పేకకు అంగుళానికి 28 పోగులు వేస్తే మరో 275 గ్రాముల వరకు కావాలి. నేను ఎప్పుడూ దీనికి మరో 50 గ్రాములు కలిపి కొంటాను. ఆ మిగులు ఎందుకో మరమ్మతు గురించిన ప్రశ్నలో చెబుతాను.

మన ప్రాంతంలో ఏ నేతలను దగ్గర నుంచి చూడాలి?

అన్నీ చూడాలి. కానీ నా ఆలోచనను మార్చినవి మూడు.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో నూలు వడికే ముందు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకలోని సన్నని పళ్ల వరుస గింజనుంచి పత్తి పోగులను తిన్నగా, తెగకుండా విడదీస్తుంది. 100 నంబరు నూలు చేతితో వడికే స్థాయికి పునాది అక్కడే పడుతుంది. యంత్రం చేయలేని పని అని నేను అనను. కానీ స్థానిక పత్తికి తగిన పనిముట్టును స్థానికులు కనిపెట్టుకున్న తీరు, రూపకల్పన చదివే ఏ విద్యార్థికైనా ఒక పాఠమే.

గద్వాల చీరలో ఒళ్లు నూలుది, అంచు, కొంగు పట్టువి. స్వభావాలు వేరైన రెండు రకాల పోగులు ఒకే బట్టలో కలవాలంటే అతుకు ఎంత నేర్పుగా పడాలో ఆ కొంగు మొదలయ్యేచోట వేలితో తడిమి చూడండి. అక్కడ అతుకు లోపం కాదు, చీర గుర్తింపే అది.

ఇక పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వైపు నేసే చిటికి. బట్ట నేయకముందే నూలు పోగులను గుంపులుగా కట్టి, కట్టినచోట రంగు అంటకుండా అద్దకం చేసి, నేసేటప్పుడు ఆ మచ్చలన్నీ ఒకదానికొకటి కలిసి బొమ్మ అయ్యేలా చూస్తారు. ఇందుకు నూలును మేకుల చుట్టూ అర్ధవలయంగా పోసుకోవాలి. దీనిని ఆసు పోయడం అంటారు. ఒక చీరకు సుమారు 9000 సార్లు చేయి అటూ ఇటూ తిరగాలి. భుజాలు అరిగిపోయే ఈ పని ఇళ్లలో ఆడవాళ్లదే. తల్లి పడే బాధ చూసి చింతకింది మల్లేశం 1999లో తయారు చేసిన ఆసు యంత్రానికి ఆమె పేరే పెట్టి లక్ష్మి ఆసు యంత్రం అన్నారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సుస్థిరత గురించి మాట్లాడేటప్పుడు నీళ్లు, రంగులు, కార్బను మాత్రమే లెక్కపెట్టి, నేసేవారి కీళ్లను లెక్కలోకి తీసుకోని పద్ధతి నాకు నచ్చదు. ‘చేతితో చేసింది’ అన్న మాటను మెచ్చుకునే ముందు ఎవరి చేతితో, ఎన్నిసార్లు అని అడగాలి.

కొంటున్నది చేనేతేనా అని ఎలా తెలుసుకోవాలి?

చిటికి బట్టను తిరగవేసి చూడండి. పోగులోనే రంగు ఉంటుంది కనుక రెండు వైపులా బొమ్మ దాదాపు ఒకేలా ఉంటుంది. అచ్చు వేసిన నకలుకు వెనక వైపు వెలవెలబోతుంది. బొమ్మ అంచులు కాస్త ఈకలు విచ్చినట్టు ఉండటం అసలుదానికి గుర్తు, మరీ గీత గీసినట్టు ఉంటే అనుమానించాలి. చేనేత బట్ట అంచుల వెంట వరుసగా చిన్న చిన్న సూది గుర్తులు కనబడవచ్చు, నేసేటప్పుడు వెడల్పు తగ్గకుండా అడ్డంగా బిగించే కర్ర చేసే గుర్తులవి. 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్, 2015 ఆగస్టు 7న వచ్చిన ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండ్ గుర్తులు కూడా ఉపయోగపడతాయి, కానీ చిన్న నేతకారులందరి దగ్గరా అవి ఉండవు. గుర్తు లేనంత మాత్రాన చేనేత కాదనుకోకండి.

కనిపించే అతుకు అంటే ఏమిటి? దాచగలిగిన చిరుగును చూపించడం ఎందుకు?

రఫ్ఫు చేసేవారు అదే బట్ట మడతలోంచి పోగులు లాగి, చిరుగు ఎక్కడుందో తెలియకుండా నేస్తారు. అది ఎంతో గొప్ప పనితనం. కనిపించే అతుకు దానికి పోటీ కాదు. దాచడం సాధ్యం కానిచోట, లేదా దాచడానికి అయ్యే ఖర్చు బట్ట ఖరీదును మించినచోట, అతుకునే అలంకారంగా మలచడం దీని ఉద్దేశం. జపాను ఉత్తర ప్రాంతపు రైతు ఇళ్లలో నీలిరంగు బట్టలను పొరలు పొరలుగా కుట్టిన సాషికో, బెంగాల్ ఇళ్లలోని కాంథా ఇప్పుడు ప్రపంచమంతా తెలుసు. మన బొంత కూడా ఆ కుటుంబానిదే. పాత చీరలు, పంచెలు నాలుగైదు పొరలుగా పరచి, ఈ చివరి నుంచి ఆ చివరి వరకు సాదా కుట్టు వేసుకుంటూ పోతే చలికాలానికి కప్పుకొనే బొంత తయారవుతుంది. లంబాడీ ఆడవాళ్ల కుట్టుపనిలో ముక్కలు, అద్దాలు, గవ్వలు కలిసే తీరు దీనికి మరో పార్శ్వం. పరాయి పేర్లు నేర్చుకోవద్దని కాదు గానీ, తరగతిలో సాషికో గురించి మూడు గంటలు విన్న మేము బొంత పేరు ఒక్కసారి కూడా వినకపోవడం నాకు వెలితిగానే అనిపించింది.

‘గంతకు తగ్గ బొంత’ అనే సామెత మరమ్మతుకు బాగా పనికివస్తుంది. సన్నని నూలు చొక్కాకు మందపాటి అతుకు వేస్తే, అతుకు నిలుస్తుంది, దాని చుట్టూ బట్ట చిరుగుతుంది.

చిరిగిన నూలు బట్టను దారంతో నేసి పూడ్చడం ఎలా?

ముందుగా బట్టను ఉతికి ఆరబెట్టండి. చిరుగు కింద బోర్లించిన చిన్న చెంబునో, నున్నగా గీకిన కొబ్బరి చిప్పనో పెట్టి బట్టను దానిమీద వదులుగా పరవండి, లాగి బిగించవద్దు. బట్టలోని పోగు ఎంత మందం ఉందో చూసి, అంతే మందం గల లేదా కొంచెం సన్నని నూలు దారం తీసుకోండి. పాలిస్టర్ దారం వద్దు.

చాలామంది చిరుగు అంచు నుంచే మొదలుపెడతారు, అదే మొదటి తప్పు. చిరుగు చుట్టూ కనీసం అర అంగుళం మేర బట్ట బలహీనపడి ఉంటుంది. వేలితో పట్టుకొని వెలుతురుకు ఎత్తి చూస్తే ఎక్కడి వరకు పలచబడిందో తెలుస్తుంది, గట్టి బట్ట దొరికిన చోటి నుంచి మొదలుపెట్టాలి. ముందు పడుగు దిశలో పక్కపక్కనే నిలువు పోగులు వేయండి. గట్టి బట్ట ఉన్నచోట చిన్న చిన్న కుట్లుగా పోనిచ్చి, ఖాళీ ఉన్నచోట దారాన్ని నేరుగా దాటించండి. ప్రతి మలుపులో దారాన్ని పూర్తిగా లాగకుండా గింజంత ఉచ్చు వదలండి. ఉతికినప్పుడు కొత్త దారం కుదించుకుంటుంది, ఆ ఉచ్చు లేకపోతే అతుకు మూటకట్టినట్టు ముడుచుకుంటుంది. తరువాత బట్టను తిప్పి, పేక దిశలో ఒక పోగు మీదుగా, ఒక పోగు కిందుగా సూదిని నడపండి, తరువాతి వరుసలో దానికి తారుమారుగా. ఇదే సాదా నేత. చట్రం మీద మీరు నేర్చుకున్నదే, మగ్గం మాత్రం కొబ్బరి చిప్పంత అయింది.

నేను వేసిన మొదటి అతుకు గట్టిగా, అందంగా వచ్చింది, రెండు ఉతుకుల తరువాత దాని నాలుగు వైపులా నాలుగు కొత్త చిరుగులు వచ్చాయి. గట్టిగా రావడమే తప్పని అప్పుడు తెలిసింది.

టీషర్టుకు, జీన్స్‌కు, పట్టుచీరకు ఇదే పద్ధతి పనికివస్తుందా?

టీషర్టు నేసిన బట్ట కాదు, అల్లిన బట్ట. అందులో పడుగు, పేక ఉండవు, ఉచ్చులు ఉంటాయి. నేతలాంటి అతుకు వేస్తే సాగదు. వెనక నుంచి మరో పాత టీషర్టు ముక్క పెట్టి, సాగే వీలున్న కుట్టుతో పట్టాలి. జీన్స్ ట్విల్ నేత, దగ్గరగా చూస్తే ఏటవాలు గీతలు కనిపిస్తాయి. మోకాలి దగ్గర చిరిగితే లోపల ముక్క వేసి, పై నుంచి దగ్గర దగ్గరగా సాదా కుట్టు వరుసలు వేస్తే చాలాకాలం నిలుస్తుంది. వేసే ముక్కను ముందే ఒకసారి ఉతకడం మరవకండి.

పట్టుచీర విషయంలో తొందరపడవద్దు. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత వెంటే చిట్లుతుంది, చిట్లినచోట సూది గుచ్చితే ఇంకా చిట్లుతుంది. వెనక పలుచని పట్టు గుడ్డను ఆసరాగా పెట్టి, బలమున్న భాగానికి మాత్రమే కుట్టాలి. కొన్ని నెలలకోసారి మడత మార్చి పెట్టుకుంటే ఈ అవసరమే రాదు.

సహజ రంగులు వాడితే పర్యావరణానికి మేలే కదా?

ప్రతిసారీ కాదు. ఈ ప్రశ్నకు ‘అవును’ అని చెప్పే దుకాణాలు చాలా ఉన్నాయి కనుక కొంచెం వివరంగా చెబుతాను.

పట్టు పట్టుకున్నంత తేలికగా నూలు మొక్కల రంగును పట్టుకోదు. అందుకే ముందు కరక్కాయ వంటి వగరు పదార్థంలో నానబెట్టి, తరువాత పటిక పట్టించి, ఆ పైన రంగు వేస్తారు. బట్ట బరువులో కరక్కాయ పొడి 15 నుంచి 20 శాతం, పటిక 10 నుంచి 15 శాతం వరకు నేను వాడుతున్నాను. బంతిపూలు, దానిమ్మ తొక్క పసుపు ఛాయలిస్తాయి, మంజిష్ఠ ఎరుపునిస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో తడిపి ఆరబెట్టడం వల్ల కలంతో గీసిన రంగు పాకదు. ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసిన కసిమి అనే ద్రవం, కరక్కాయ పట్టిన బట్టను తాకగానే నల్లబడటం చూడవలసిన దృశ్యం. అయితే ఆ ఇనుమే దశాబ్దాల తరబడి నూలు పోగును మెల్లగా తినేస్తుంది. పాత బట్టల్లో నల్లగీత ఉన్నచోటే బట్ట రాలిపోవడానికి కారణం అదే.

పసుపుతో నేను అద్దిన తువ్వాలు మొదటి వారం బంగారంలా ఉంది, సబ్బు తగిలినచోట ఎర్రబడింది, దండెం మీద ఎండకు నెల తిరిగేసరికి పాలిపోయింది. తప్పు పసుపుది కాదు, ఎండకు నిలవని రంగును ఎండలో ఆరే బట్టకు వాడిన నాది. త్వరగా వెలిసి, త్వరగా పారేయించే రంగు మొక్క నుంచి వచ్చినా సుస్థిరం అనలేం. అలాగే, రంగు నిలవడానికి క్రోమియం లవణాలు కలిపి ‘సహజం’ అని అమ్మడం కంటే, మంచి రసాయన రంగును తగు మోతాదులో వాడి, మురుగునీటిని శుద్ధి చేయడమే నిజాయితీ. కట్టెలు, నీళ్లు, కడిగిన నీరు పోయే చోటు కూడా లెక్కలోకి రావాలి.

నీలిమందు మాత్రం నన్ను వదలలేదు. అది నీటిలో కరగదు. బెల్లం, సున్నం కలిపిన తొట్టిలో ప్రాణవాయువు లేకుండా చేస్తేనే అది పసుపుపచ్చ ద్రవమై నూలులోకి చేరుతుంది. బట్టను పైకి తీయగానే గాలి తగిలి, ఆకుపచ్చ నుంచి నీలానికి మన కళ్ల ముందే మారుతుంది. పటిక అవసరం లేదు, మరిగించనక్కరలేదు. అతుకుల దారాలకు నేను ఎక్కువగా నీలమే వాడటానికి ఇదీ ఒక కారణం.

వెదురు బట్ట, రీసైకిల్ చేసిన పాలిస్టర్ కొనడం మంచిదేనా?

వెదురు బట్ట అని అమ్మేవాటిలో చాలావరకు విస్కోస్. మొక్క వెదురే అయినా, దానిని గుజ్జుగా మార్చి పోగు తీయడానికి కార్బన్ డైసల్ఫైడ్ వంటి విషపదార్థం వాడతారు. అందుకని మొక్క పేరు చూసి కాకుండా తయారీ పద్ధతి అడిగి కొనండి. రీసైకిల్ పాలిస్టర్ చాలావరకు పాత సీసాల నుంచి వస్తుంది, పాత బట్టల నుంచి కాదు. ఉతికిన ప్రతిసారీ సూక్ష్మమైన ప్లాస్టిక్ పోగులు నీటిలో కలవడం మామూలు పాలిస్టర్ లాగానే జరుగుతుంది. నూలు, పాలిస్టర్ కలిపి నేసిన బట్టను తిరిగి విడదీయడం మరీ కష్టం.

పత్తి కూడా నిర్దోషి కాదు. అయితే పోగు రకంతోపాటు తయారీ దారినీ మార్చవచ్చని మల్ఖా అనే నూలు బట్ట ప్రయోగం చూపింది. దూది బేళ్లను యంత్రాలతో రాయిలా అదిమి, మిల్లులో మళ్లీ విడగొట్టే దశలనే తొలగించి, పత్తి పండే చోటికి దగ్గరలోనే వడికి, చేమగ్గంపై నేయడం దాని పద్ధతి. ఆ బట్ట మెత్తదనం చేతికి వెంటనే తెలుస్తుంది.

మరమ్మతుకు వీలైన బట్టను రూపొందించడం అంటే ఏమిటి?

నా పని మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. బట్ట ముందుగా ఎక్కడ చిరుగుతుందో మనకు తెలుసు. తువ్వాలుకు అంచులు, ఉత్తరీయానికి భుజం మీద ఆనే చోటు, చొక్కాకు కాలరు, మోచేయి. అక్కడ పేకను రెండు పోగులుగా వేస్తే ఆయుష్షు పెరుగుతుంది. చూడటానికి అదొక గీతలా కనిపిస్తుంది కనుక దానినే నమూనాలో భాగం చేసుకున్నాను. పోగులు లెక్కపెట్టడానికి వీలుగా నేత మరీ సన్నగా లేకుండా చూశాను. ప్రతి తువ్వాలుతోనూ అదే నూలు చుట్టిన ఒక చిన్న కండె ఇస్తాను. నూలు లెక్కలో 50 గ్రాములు ఎక్కువ కొంటానని చెప్పింది ఇందుకే. చొక్కా కొంటే అదనపు గుండీ ఇచ్చే అలవాటు మనకు ఉంది, అదనపు దారం ఇవ్వడం మాత్రం నేను పెద్దగా చూడలేదు.

ఒక చిక్కు ఇంకా తేలలేదు. వాడిన బట్ట ఎండకు, ఉతుకుకు వెలుస్తుంది, కండె పెట్టెలో కొత్తగానే ఉంటుంది. రెండేళ్ల తరువాత అతికితే రంగు తేడా కనిపిస్తుంది. మా గురువుగారు దీనిని లోపం అన్నారు. కనిపించే అతుకులో అది లోపం కాదని నా వాదన, కానీ నల్లంచు తెల్ల ఉత్తరీయం విషయంలో ఆయన మాటే నిజమని ఒప్పుకుంటాను.

ఈ చదువు ఎక్కడ చదవవచ్చు?

నేత సాంకేతికత కావాలంటే వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరిట ఉన్న చేనేత సాంకేతిక సంస్థలో పదో తరగతి తరువాత మూడేళ్ల డిప్లొమా ఉంది. రూపకల్పన వైపు వెళ్లాలంటే హైదరాబాదులోని నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ) ఉంది. హైదరాబాదు, విజయవాడల్లో నేతకారుల కోసం ప్రభుత్వం నడిపే వీవర్స్ సర్వీస్ సెంటర్లకు కూడా వెళ్లి చూడండి. ఎక్కడ చేరినా సెలవుల్లో నేత ఊళ్లలో ఉండండి.

అతకడం ఎప్పుడు మానేయాలి?

బట్టను రెండు చేతులతో మెల్లగా లాగినప్పుడు దారం కంటే ముందు బట్ట విడిపోతుంటే మానేయాలి. అప్పటికి అతుకు వేయడం బట్టకు బరువే. మన ఇళ్లలో దాని తరువాతి దారి కూడా ఉంది. మెత్తబడిన పాత పంచె పుట్టిన బిడ్డకు పొత్తిళ్లు అయ్యేది, చీరలు బొంతలో పొరలయ్యేవి, ఇంకా చిరిగితే పొయ్యి దగ్గర మసిగుడ్డ, చివరికి మిగిలిన పీలిక దీపంలో వత్తి. ఈ వరుస నూలుకే సాధ్యం. పాలిస్టర్ చీరను మసిగుడ్డగా వాడి వేడి గిన్నె దించకండి, అది కరిగి చేతికి అంటుకుంటుంది.